కాపాడిన చెయ్యి తెరుచుకోవాలి





మొన్న వేసవి సెలవుల్లో మా విహారం పిల్లల్ని జూ చూపించడానికి తీసుకెళ్ళాం. ఎలుగుబంటి దగ్గర అందరూ ఆగారు. అది ఒకే చోట అటూ ఇటూ తిరుగుతోంది. ఏడో తరగతి చదివే పాప నన్నడిగింది: "తాతయ్యా, ప్రాణుల్ని హింసించం అని ప్రతి ఆదివారం శీలం తీసుకుంటాం కదా. మరి ఏ తప్పూ చేయనిదాన్ని ఇట్లా లోపల పెట్టడం హింస కాదా?" పక్కనున్న మన యువకుడొకరు నవ్వాడు. "ముందు మనుషుల్ని మనుషులుగా చూడమనండి, జంతువుల సంగతి తర్వాత" అన్నాడు.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అక్కడ నిలబడి ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు యువకుడి మాట. మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు పశువులు తాగొచ్చు, అంటరానివాళ్ళని ముద్ర వేసిన మనుషులు మాత్రం తాగకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ చెరువులో దిగి నీళ్ళు దోసిట పట్టింది అందుకే. ఈ దేశంలో జంతు ప్రేమ మాటలు వింటే మనవాళ్ళకి కడుపు మండడంలో అన్యాయమేమీ లేదు. కానీ ఒక్కటి గమనించండి. ఆ రోజు మనం పశువుల్ని చెరువు నుంచి తోలెయ్యమని అడగలేదు. మా నీళ్ళు మాకు కావాలని అడిగాం. ఆ చెరువులో దిగిన మనిషే తర్వాత 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో కరుణను, మైత్రిని విడదీసి చెప్పాడు. కరుణ మనుషుల మీద ప్రేమ అనీ, బుద్ధుడు అక్కడ ఆగకుండా ప్రాణులన్నిటినీ కలుపుకునే మైత్రి దాకా వెళ్ళాడనీ వివరించాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఇప్పించిన 22 ప్రతిజ్ఞల్లో కూడా సకల ప్రాణుల పట్ల దయ ఉంది. కాబట్టి జంతువుల సంగతి తర్వాత చూద్దాం అనే వీలు మనకి లేదు.

ఇక పాప ప్రశ్న. బోను హింస కాదా?

అహింస విషయంలో బాబాసాహెబ్ ఒక ముఖ్యమైన తేడా చూపించారు. నియమం వేరు, సూత్రం వేరు. నియమం ఆలోచించనివ్వదు, ఇలా చెయ్యి అంటుంది. సూత్రం మనల్నే ఆలోచించి నిర్ణయించుకోమంటుంది. అవసరం వల్ల చంపడం వేరు, చంపాలనే కోరికతో చంపడం వేరు అన్నారు. బోను విషయంలోనూ అలాగే అడగాలి. ఈ బోను ఎవరి అవసరం కోసం? లోపలున్న ప్రాణి కోసమా, బయట నిలబడి చూసేవాడి సరదా కోసమా?

పూర్వం రాజులు పులుల్నీ సింహాల్నీ బంధించి పెట్టుకున్నది తమ గొప్ప చూపించుకోవడానికే. ఆ పద్ధతి చాలాకాలం జూలలోనూ సాగింది. తర్వాత చట్టం కొంత మారింది. 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1998 నాటి జాతీయ జూ విధానం, వన్యప్రాణుల సంరక్షణకి తోడ్పడడమే జూల ప్రధాన పని అని చెప్పింది. కాగితం మీద చెప్పడం వేరు, చేయడం వేరు. చేసిన పని ఒకటి మన దగ్గరే ఉంది, చూద్దాం.

మూషిక జింక అని ఒకటుంది, మౌస్ డీర్ అంటారు. మూడు నాలుగు కిలోలకి మించదు. కొమ్ములుండవు, ఒంటి మీద తెల్లటి మచ్చలుంటాయి. పగలంతా పొదల్లో దాక్కుని రాత్రి తిరుగుతుంది. ఉచ్చులకీ వేటకుక్కలకీ అడవి మంటలకీ బలై చాలాచోట్ల అరుదైపోయింది. 2010లో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో, అత్తాపూర్‌లోని సీసీఎంబీ ప్రయోగశాల లాకోన్స్ తోడ్పాటుతో వీటి సంతతి పెంచడం మొదలుపెట్టారు. ఏటా పిల్లలు పుట్టాయి, మంద పెరిగింది. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కి తీసుకెళ్ళి, అక్కడి గాలికీ మేతకీ అలవాటు చేసి అడవిలోకి వదిలారు. జూలో పుట్టిన జీవం తన తాతల అడవిలో అడుగుపెట్టింది. ఆ బోను వాటి అవసరం కోసమే ఉంది. పని అయ్యాక తలుపు తెరుచుకుంది.

చిన్నప్పుడు విన్న హంస కథ ఇక్కడ గుర్తు చేసుకోండి. దేవదత్తుడు బాణం వేశాడు, సిద్ధార్థుడు బాణం తీసి హంసని కాపాడాడు. హంస ఎవరిది అని తగవు వచ్చింది. ప్రాణం తీయబోయినవాడిది కాదు, పోసినవాడిదే అని తీర్పు వచ్చింది. మనం కథ అక్కడితో ఆపేస్తాం. తర్వాత సిద్ధార్థుడు ఆ హంసని పంజరంలో పెట్టుకున్నాడా? లేదు, గాయం మానాక ఎగరేశాడు. కాపాడినవాడికి దక్కింది సాకే బాధ్యత. సొంతం చేసుకునే హక్కు కాదు.

మరి తిరిగి ఎగరలేని ప్రాణి సంగతి? మన ఊళ్ళలో ఎలుగుబంటి ఆట చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ముక్కుకి కన్నం పొడిచి తాడు ఎక్కించేవాళ్ళు, పళ్ళు పీకేసేవాళ్ళు. అలాంటిదాన్ని అడవిలో వదిలితే బతకదు. ఆగ్రాలో, బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో ఇలాంటి ఎలుగుబంట్ల కోసం కేంద్రాలు పెట్టారు. అవి చచ్చేదాకా అక్కడే ఉంటాయి. అక్కడ గోడ ఉన్నా ముక్కుకి తాడు లేదు, ఎవరి కోసమూ ఆడక్కర్లేదు. ఇంకో మాట. తాడు పట్టుకున్న కలందర్లు కూడా నిరుపేదలే. వాళ్ళకి వేరే బతుకుతెరువు చూపించి, పిల్లల్ని బడికి పంపిస్తేనే ఆ ఆట ఆగింది. ఎలుగుబంటినొక్కదాన్నే చూసి మనిషిని వదిలేసి ఉంటే ఆగేది కాదు.

ఇదే కొలత నల్లమలకీ వర్తిస్తుంది. ఆ అడవి చెంచులది కూడా. తరతరాలుగా తేనె తీసి, గడ్డలు తవ్వి, పులితో పాటే బతికారు. ఈ రోజు అడవి కాపలా పనుల్లోనూ చెంచు యువకులు ఉన్నారు. పులి కోసమని చెంచుని ఊరు ఖాళీ చేయమంటే 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. జింకకి తలుపు తెరిచి, చెంచు గుడిసెకి తలుపు మూసేది మైత్రి కాదు. మన యువకుడి కోపానికి సరైన చోటు ఇక్కడుంది. ఆ కోపం జింక మీద పెట్టుకోవద్దు, చెంచు పక్కన నిలబడడానికి వాడుకోవాలి.

పైవాడి జాలి కింద బతకడం ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు. కడుపు నింపి, గడప దాటొద్దనే జాలి మన తాతలు చూశారు. అందుకే జూ చూసేటప్పుడు మనం అందరికన్నా ముందు గుర్తుపట్టాలి, ఏది జాలి, ఏది మైత్రి అని. తిండి ఇచ్చి కట్టిపడేసేది జాలి. తిండి ఇచ్చి, నీ దారిన నువ్వు పోయే రోజు కోసం పనిచేసేది మైత్రి.

ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు కొన్ని పనులు చేద్దాం. రాళ్ళు విసరొద్దు, కేకలు వేయొద్దు, మరమరాలూ బిస్కెట్లూ వేయొద్దు. జూలో జంతువుల్ని అల్లరి పెట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. ప్రతి బోను దగ్గరా పిల్లల చేత అక్కడి సిబ్బందిని అడిగిద్దాం: "ఇది ఎక్కడి నుంచి వచ్చింది? మళ్ళీ ఎప్పుడు వెళుతుంది?" జవాబు లేని బోను ఉంటే, ఎందుకు లేదని పెద్దవాళ్ళం కాగితం రాసి అడుగుదాం.

పాపకి నా జవాబు ఇది. అమ్మా, బోను హింసే. ఎలుగుబంటి ఎందుకు లోపలుందో తెలుసుకో. బయటికి పోలేని గాయం ఉంటే, దానికి మంచి నీడా నీళ్ళూ చెట్టూ ఉన్నాయా చూడు. బయటికి పోగలిగినదైతే, తలుపు తెరిచే పని ఎవరైనా చేస్తున్నారా అడుగు. ఆ పని జరుగుతున్నంతకాలం ఆ గోడని ఓర్చుకుందాం. జరగకపోతే ఊరుకోవద్దు.

జై భీమ్. నమో బుద్ధాయ.