పనిలేని నడక

“పనీపాటా లేనివారే కొండలు పట్టుకొని తిరుగుదురు” అని మన పల్లెలలో పెద్దలు అనుచుందురు. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబములో ఒక ఉదయము పోయిన యెడల ఒక దినపు కూలి పోవును. కట్టెలకో, మేకల వెంటనో కొండకు వెళ్లినవానిని ఎవరును తప్పుపట్టరు. అయితే ఏ పనియు లేక, ఊరికే కొండ చూచుటకును, అక్కడ నలుగురితో కూర్చుండి నాలుగు ముద్దలు తినుటకును వెళ్లుట మనకు తగునా? అది సోమరితనమా, విశ్రాంతియా? ఈ వసంతకాలమున ఈ ప్రశ్నను మనము నిదానముగా ఆలోచింతము.

గుంటూరు ప్రాంతమున కొండవీటి కొండల చుట్టు అనేక గ్రామములున్నవి. పదునాలుగవ శతాబ్దమున రెడ్డిరాజులు ఆ దుర్గమును రాజధానిగా చేసికొనిరి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని జయించెను. నేడు దూరపు ఊళ్లనుండి జనులు దానిని చూడవచ్చుచున్నారు. పైకి ఘాటురోడ్డు కూడ ఉన్నది. అయితే ఏ కొండ క్రింది పల్లెలోనైనను అడిగి చూడుడి. “రోజూ కనబడేదే గదా, అందులో చూచుట కేమున్నది?” అందురు. కన్నులకు అలవాటైన దానిని మనస్సు చూడదు. కొండ విషయమున ఇది చిన్న నష్టమే. అయితే ఇంటిలో ఉన్న తల్లి విషయమున, ప్రక్క గుడిసెలోని పొరుగువాని విషయమున గూడ మనకు ఇదే జరుగుచున్నది గదా!

చైత్రమాసమున మన కొండలు పచ్చగా నుండవు. గడ్డి ఎండి గోధుమవన్నెగా నుండును. సీతాఫలపు చెట్లు ఆకు రాల్చి మోడులవలె నిలుచును. ఆ ఎండిన కొండమీదనే మోదుగచెట్టు ఆకు లేకుండ నిప్పు అంటుకొన్నట్లు పూయును. క్రింద ఊరిలో వేపపూత రాలుచుండును. ఆరు గంటలకు ప్రొద్దు పొడుచును. తొమ్మిది గంటలకే బండలు కాలును. గనుక చీకటితో బయలుదేరి ఎండ ముదరక మునుపే దిగిరావలెను. ఇంత స్వల్పమైన వేళ ఇది.

“ప్రార్థనకైతే కొండకు వెళ్లవచ్చును గాని తిండికి వెళ్లుట ఏమి?” అని కొందరు అడుగుదురు. కొండమీది ప్రార్థన తెలుగు సంఘములకు క్రొత్త కాదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున మిషనరీయైన లైమన్ జ్యూయెట్ గారును, ఆయన భార్యయు, కొందరు తెలుగు విశ్వాసులును ఒంగోలులోని కొండనెక్కి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించిరి. అది మంచిదే. అయితే ప్రార్థనకు తగిన కొండ భోజనమునకు తగనిదా?

యోహాను సువార్త 6వ అధ్యాయము తీసి చూడుడి. ప్రభువు శిష్యులతో కొండ ఎక్కి కూర్చుండెను. పస్కా పండుగ దగ్గర పడియుండెను. ఆ చోట పచ్చిక మెండుగా ఉండెను. గలిలయలో వానలు చలికాలమున కురియును గనుక పస్కా నాటికి కొండలు పచ్చబడును. వేసవి రాగానే ఆ పచ్చిక ఎండిపోవును. యవల పంట కోతకు వచ్చుటయు ఆ దినములలోనే. ఆ చిన్నవాని యొద్దనున్నవి యవల రొట్టెలు, అనగా బీదల రొట్టెలు. కాబట్టి వసంతకాలపు కొండమీద, పచ్చికలో, బీదల ఆహారముతో జరిగిన భోజనము మన గ్రంథములోనే ఉన్నది.

ఉదయపు భోజనము గూడ ఉన్నది. అదే సువార్త 21వ అధ్యాయములో శిష్యులు రాత్రియంతయు వల వేసి ఏమియు దొరకక, తెల్లవారి ప్రభువు చెప్పిన చోట వల వేయగా అది చేపలతో నిండెను. వారు దరికి వచ్చునప్పటికి అక్కడ బొగ్గుల నిప్పును, దానిమీద చేపలును, రొట్టెయు సిద్ధముగా ఉండెను. ఆ నిప్పు రాజేసినది ఎవరు? రాత్రియంతయు అలసిన కూలివారిచేత ప్రభువు వంట చేయించుకొనలేదు. ఆయనయే వారికి వడ్డించెను.

ఇక్కడ మన ప్రశ్నకు సగము జవాబు దొరుకుచున్నది. నడక ఆరోగ్యమునకు మంచిది, మనస్సు తేలికపడును, మరునాడు పని బాగుగా సాగును అని చెప్పి కొందరు దీనిని సమర్థింతురు. ఆ మాటలు నిజమే. కాని అట్లు చెప్పిన యెడల విశ్రాంతియు పనికి దాసురాలగును. ఆరు దినములు పనిచేసి దేవుడు విశ్రమించినది అలసటచేత కాదు. చేసినదంతయు చూచి, అది మంచిదని ఎంచి, విశ్రమించెను. చూచుట, మంచిదని ఒప్పుకొనుట, కృతజ్ఞత చెప్పుట — ఇవి మరియొక లాభమునకు మెట్లు కావు. వాటంతట అవే తగిన కార్యములు. గనుక పనిలేని నడక పాపము కాదు.

రెండవ సగము మరి కష్టమైనది. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతిదినము ఎవరికి ఇయ్యబడెనో చూడుడి: కుమారునికి, కుమార్తెకు, దాసునికి, దాసికి, పరదేశికి, ఎద్దుకు, గాడిదకు గూడ. కారణము గూడ అక్కడనే చెప్పబడినది. మీరు ఐగుప్తులో దాసులైయుంటిరి, అది మరువకుడి అని. కాబట్టి ఒకడు విశ్రమించుటకు మరియొకడు రెట్టింపు పనిచేయవలసి వచ్చిన యెడల అది ధర్మశాస్త్రము చెప్పిన విశ్రాంతి కాదు. బలవంతుని వినోదము మాత్రమే.

ఈ కొలతతో మన కొండ ప్రయాణమును కొలుతము. మగవారు ప్రొద్దు పొడుచుట చూడవలెనని స్త్రీలు రెండవ కోడి కూతకే లేచి, పొయ్యి రాజేసి, ఇడ్లీలును, రెండు పచ్చళ్లును చేసి, గిన్నెలు మోసికొని వెనుక నడచిన యెడల, వారికి ఆ ఉదయము పండుగయా, వెట్టియా? దీనికి మన తాతముత్తాతల చద్దన్నమే మంచి ఉపాయము. రాత్రి మిగిల్చిన అన్నములో మజ్జిగ పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కొంచెము ఆవకాయ పెట్టుకొనిన చాలును. తెల్లవారక ముందు ఎవరును లేచి వండనక్కరలేదు. ఎండిన గడ్డి నడుమ నిప్పు రాజేయు ప్రమాదమును ఉండదు. బరువును మగవాడు మోయవచ్చును. వడ్డన గూడ అతడే చేయవచ్చును. ప్రభువు చేసిన పని మన మగవారికి చిన్నతనము కాదు.

కూర్చుండుట విషయము గూడ ఉన్నది. కొరింథీ సంఘమువారు ప్రభువు బల్ల యొద్దకు వచ్చియు ఎవరి భోజనము వారు ముందుగా తినుచుండగా ఒకడు ఆకలితో నుండెను, ఒకడు మత్తుగా నుండెను. పౌలు వారిని గద్దించెను. కొండమీదను ఎవరి మూట వారే విప్పుకొని, ఎవరి వాడవారు వారితోనే కూర్చుండిన యెడల, ఊరిలోని గోడలను మనమే కొండమీదికి మోసికొని వచ్చితిమి. అన్నమంతయు ఒకే గిన్నెలో కలిపి, ఒకే వరుసలో కూర్చుండి తినుట మేలు. బాటలో మేకలవాడు ఎదురైన యెడల అతనిని గూడ పిలువుడి. మనకు వేడుకైన ఆ కొండ అతనికి ప్రతిదినపు పనిచోటు. అతడెరిగినంతగా దానిని మనలో ఎవరెరుగుదురు?

భూమియు కూలివారును గలవారికి మరియొక మాట. మీరు కుటుంబముతో కొండకు వెళ్లు ఉదయమున మీ పాలేరునకు, మీ యింట అంట్లు తోము ఆమెకు కూలి తగ్గింపక సెలవు ఇయ్యుడి. ఆ ఖర్చు భరింపలేని యెడల ఆ వేడుకను మరియొక దినమునకు ఉంచుకొనుడి.

చివరిది, మిగిలినవాటి సంగతి. అంతమంది తృప్తిగా తిన్న తరువాత ప్రభువు ముక్కలన్నియు పోగుచేయుమనెను. పండ్రెండు గంపలు నిండెను. ఆయన కొండను విడిచినప్పుడు తినినవారి తృప్తి తప్ప వెనుక ఏమియు పడవేయలేదు. నేడు మనము నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ సంచులు, కాగితపు పళ్లెములు రాళ్లమధ్య విడిచి వచ్చుచున్నాము. మరునాడు ఆ సంచులను తినునవి ఆ మేకలవాని మేకలే. పైకి మోసినదానిని క్రిందికి మోయుట భారమా?

ప్రియ చదువరులారా, మీ ఊరి ప్రక్కనున్న గుట్ట పేరులేనిదైనను సరే, ఎండలు ముదరక మునుపు ఒక ఉదయము దానిని ఎక్కుడి. బయలుదేరునప్పుడు ఎవరెవరు వచ్చిరని లెక్కించుటతో ఆగక, మన కొరకు ఇంట ఎవరు మిగిలిపోయిరని గూడ లెక్కించుడి. ఆ రెండవ లెక్కలో ఎవరును లేనినాడు మీ నడకను సోమరితనమని ఎవరనినను, మీరు జంకనక్కరలేదు.