వాలు మీద నడక

తెలుగులో నడకా నీతీ ఒక్క మాటలోంచే పుట్టాయి. నడక, నడత, నడవడిక. మనిషి ఎలాంటిదో తెలియాలంటే ఆమె ఎలా నడుస్తుందో చూస్తే చాలని మన భాష ఎప్పుడో తేల్చేసింది. అందుకే ఆడవాళ్ళ విషయంలో 'కాలు జారింది' అంటే నేల తడిగా ఉందేమోనని ఎవరూ అనుకోరు. ఇదంతా నాకు కొత్త కాదు. స్త్రీల కథల్లో గడప గురించి పిహెచ్.డి. చేసినదాన్ని. గడప దాటినవాళ్ళు, దాటలేనివాళ్ళు, దాటి వెనక్కొచ్చినవాళ్ళు అని అధ్యాయాలు చేసుకుని నాలుగొందల పేజీలు రాశాను. గడప ఎత్తెంత అన్నది మాత్రం ఆ నాలుగొందల పేజీల్లో ఎక్కడా లేదు. మా ఇంటి గడప మూడుంపావు అంగుళాలు. 2022 ఆగస్టులో అమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం కొలిచాను.

అమ్మకి మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటల్లో కొన్ని పోయాయి, కొన్ని ఆలస్యంగా వస్తాయి. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. అంకెలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. పక్షవాతం అన్న మాటని అంతకుముందు నేనెప్పుడూ విడదీసి చూడలేదు. పక్షమంటే ఒక వైపు. శరీరం ఒక పక్షాన్ని వదిలేసి రెండోదాని మీద మొత్తం బరువు పెట్టడం. (పక్షపాతానికీ దీనికీ తేడా ఒక్క అక్షరమే. ఈ మాట నేనంటే అమ్మ నవ్వలేదు.)

నాలుగు నెలలయ్యేసరికి ఇంట్లో చదును నేల మీద నడక వచ్చింది. అసలు సమస్య వీధిలో మొదలైంది. మాది విశాఖపట్నంలో సముద్రం వైపు దిగే వీధి. ఈ ఊళ్ళో సగం వీధులు అంతే. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు అది వాలని ఎప్పుడూ అనిపించలేదు. సైకిలు తొక్కక్కర్లేకుండా జారిపోయే దారి అని మాత్రం తెలుసు.

చదును నేల మీద అడుగు ముందుకు తీసేటప్పుడు మన కాలివేళ్ళు నేలకి ఒకటో రెండో సెంటీమీటర్ల ఎత్తున సాగుతాయి, అంతే. ఆ కాస్త ఎత్తు కోసం పాదాన్ని చీలమండ దగ్గర పైకి లేపే కండరాలు పనిచెయ్యాలి. పక్షవాతంలో అవి బలహీనపడతాయి. మరోవైపు పిక్క బిగుసుకుపోతుంది. పాదం కిందికి వేలాడి బొటనవేలు నేలకి గీసుకుంటుంది. దాన్ని తప్పించడానికి తుంటి దగ్గర్నుంచి కాలు మొత్తాన్ని అర్ధచంద్రాకారంలో పక్కకి తిప్పి ముందుకి వేస్తారు. ఎత్తు ఎక్కేటప్పుడు నేలే వేళ్ళకి ఎదురొస్తుంది, పాదం ఇంకా లేవాలి. ఆనించాక మోకాలు పాదం మీదుగా ముందుకి వంగాలి, బిగుసుకున్న పిక్క వంగనివ్వదు. మోకాలు వెనక్కి తన్నుతుంది. దిగేటప్పుడు కష్టం వేరు. శరీరం తన బరువుకి తనే ముందుకి పోతుంటే తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వెయ్యాలి. అది పట్టు తప్పితే మోకాలు ఒక్కసారిగా మడత పడిపోతుంది. చూసేవాళ్ళకి ఎక్కడం కష్టమనిపిస్తుంది. అమ్మకి భయం దిగడమే. చదునుగా కనిపించే రోడ్డు కూడా చదును కాదు, మధ్యలో ఎత్తుండి అంచులకి వాలుగా ఉంటుంది. కుడి అంచున నడిస్తే అమ్మ కుడికాలు పల్లంలో ఉంటుంది, పాదం ఆడడానికి చోటు దొరుకుతుంది. ఎడమ అంచున అదే కాలు మిట్టవైపుకొచ్చి వేళ్ళు తగులుతాయి. అంటే ఒకే రోడ్డులో ఒక పక్క ఆమెకి దారి, రెండో పక్క గోడ.

ఫిజియోథెరపీ గదిలో నేను చాలా చూశాను. మగ పేషెంట్ల పక్కన భార్యలుంటారు. ఆడ పేషెంట్ల పక్కన కూతుళ్ళు, కోడళ్ళు, చెల్లెళ్ళు. భర్తలు లేరని కాదు. బయట బిల్లు కడుతుంటారు. మా నాన్న కూడా అంతే, పాపం, రసీదులన్నీ తారీఖుల వారీగా ఫైలు చేశాడు. అక్కడికొచ్చిన ఆడవాళ్ళంతా నైటీల్లో ఉండేవారు. చీర కుచ్చెళ్ళు వేలాడే పాదానికి ఉరితాళ్ళు. హవాయి చెప్పు వేళ్ళ పట్టు లేక అడుగుకోసారి ఊడిపోతుంది. పాదం నిలబెట్టే ప్లాస్టిక్ పట్టీ ఆడవాళ్ళ చెప్పుల్లో దూరదు, ఒక సైజు పెద్ద బూటు కావాలి. వేళ్ళు లోపలికి ముడుచుకుని మట్టెలు ఒరుసుకుంటే తీసేశాం. పిన్ని చాలా బాధపడింది. "బావగారు నిక్షేపంగా ఉండగా!" అని.

థెరపిస్టు చిన్న కుర్రాడు. మెట్ల దగ్గర నిలబెట్టి సూత్రం చెప్పాడు: "ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు ముందు. గుర్తుపెట్టుకోండమ్మా." కష్టపడని కాలు మంచిదీ, కష్టపడే కాలు చెడ్డదీ ఎందుకైందో ఆ అబ్బాయిని అడగడం అన్యాయం. నలభై ఏళ్ళ కిందట మా నాన్నమ్మ ఇంటి ముందు కుడికాలు లోపల పెట్టి రమ్మంటే వచ్చిన మనిషికి, ఇప్పుడు మెట్టెక్కడానికి ఆ కాలు చివర రావాలి. అమ్మకీ అదే తట్టినట్టుంది. మాటలు వెతుక్కుని, ఆగి ఆగి, "అత్తగారు... లేదు. నయం" అంది. ఆ అబ్బాయి ఇంకో మాట కూడా అన్నాడు. "నేలకేసి చూడకండమ్మా. తలెత్తి నడవండి." అరవై మూడేళ్ళకి ఒక మగపిల్లాడు అమ్మకి ఆ మాట చెప్పాడు.

జనవరిలో నేను చేసిన పని ఇది. అపార్ట్‌మెంటు ముందు, కార్లు ఎక్కడానికి వేసిన వాలు మీద అమ్మ దిగుతోంది. పక్కనుంచి ఒక మోటారుసైకిల్ వచ్చింది. నేను అమ్మ కుడిచేతిని అందుకుని గట్టిగా నా వైపు లాగాను. బండి మాకు చాలా దూరంలోనే పోయింది. అమ్మ మాత్రం నా మీద పడి, ఇద్దరం కూర్చుండిపోయాం. దెబ్బలు పెద్దగా లేవు. కానీ పట్టులేని భుజం లాగితే కీలు జారుతుంది. తర్వాత రెండు నెలలు ఆ భుజం నొప్పితో అమ్మ నిద్రపోలేదు. లాగకూడదని, పట్టుకోవాలంటే బలహీనమైన వైపు కాస్త వెనగ్గా నిలబడి నడుం బెల్టు పట్టుకోవాలని నాకు ముందే చెప్పారు. తెలియక చేసింది కాదు. ఆ క్షణంలో నా చేతికి అమ్మ ఒక వస్తువు. కింద పడబోయే గ్లాసుని పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో చట్టం మారింది. నాన్న అన్నాడు: "నేనున్నాగా. ఏం కావాలన్నా తెచ్చిపెడతా. బయటికెందుకు?" బెంగుళూరు నుంచి అన్నయ్య ఫోన్లో అదే అన్నాడు. నేను అన్నది ఒక్క మాటే: "పడిపోతావమ్మా." నా పన్నెండో ఏట ఆ వీధిలోకే సైకిలు తీసుకెళ్తానంటే మొత్తం ఇల్లు నాతో అన్న మాట అది. అప్పుడు "పడితే లేస్తుంది" అన్న ఒక్క మనిషి అమ్మ. ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో రాసిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసాన్ని నేను ఏటా పాఠం చెబుతాను. ఆడపిల్ల తన శరీరాన్ని ఒక సామర్థ్యంగా కాక, కాపాడుకోవాల్సిన బరువుగా బతకడం ఎలా నేర్చుకుంటుందో అందులో ఉంటుంది. నేర్పేవాళ్ళలో నేనుంటానని అనుకోలేదు.

ఇక్కడ నాకు నిజంగా తేలని ప్రశ్న ఒకటుంది. అమెరికాలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ గురించి రాస్తూ రాబర్ట్ పెర్స్కే 1972లో, ప్రమాదానికి ఎదురెళ్ళడంలో మనిషికి ఒక గౌరవం ఉంటుందని, అతిగా కాపాడడం ఆ గౌరవాన్ని తీసెయ్యడమేనని వాదించాడు. చదివినప్పుడు ఎంత బాగుందో! కానీ పడేది నేను కాదు. తుంటి విరిగితే మంచాన ఉండేది అమ్మ. అమ్మకి బెడ్‌పాన్ పెట్టేది నేను, నాన్న కాదు, అన్నయ్య అసలే కాదు. ఒకరి స్వేచ్ఛకయ్యే ఖర్చు ఇంకొకామె ఒంటి మీద పడేటప్పుడు ఆ రెండో ఆమెకి మాట్లాడే హక్కు ఉందా లేదా? ఉందనే నేననుకుంటున్నాను. స్వేచ్ఛ గురించి మనం రాసిన చాలా వాటిలో ఆ రెండో ఆమె లేదు. స్వేచ్ఛకి చలం పెట్టిన పేరు మైదానం. ఎత్తుపల్లాలు లేని చోటు. అక్కడ ఎవరూ ఎవరినీ పట్టుకుని నడిపించనక్కర్లేదు. అయినా నా హక్కు "నాకు కష్టం" అని చెప్పడం వరకే. "నీకు ప్రమాదం" అని నా కష్టానికి ఆమె పేరు పెట్టడం వేరే పని. నేను చేసింది అదే.

మార్చిలో ఒక రోజు పొద్దున్న ఆరింటికి లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. నాన్న నిద్రపోతున్నాడు. గేటు దాకా పరిగెత్తాను. అమ్మ వీధిలో ఉంది. ఉత్తరం వైపు ఇళ్ళ ప్రహరీగోడకి ఎదురుగా మొహం పెట్టి, గోడ అంచు ఎడమచేత్తో పట్టుకుని, పక్కకి అడుగులేస్తూ దిగుతోంది. ముందు కుడికాలు పల్లంలోకి, తర్వాత ఎడమకాలు దాని పక్కకి. బరువంతా ఎప్పుడూ మిట్టనున్న ఎడమకాలి మీదే. నేను పిలవలేదు. పిలిస్తే తిరుగుతుందని భయం. పాలబ్బాయి బండి ఆపి చూశాడు. నాలుగు ఇళ్ళ దూరం వెళ్ళి, ఆగి, కాసేపు సముద్రం వైపు తల తిప్పి చూసి, మళ్ళీ అదే గోడకి మొహం పెట్టి ఎక్కడం మొదలెట్టింది. ఇప్పుడు ఎడమకాలు ముందు. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మొహం ఒకే వైపు. ఆ కుర్రాడి సూత్రం రెండు ముక్కలూ ఒక్క భంగిమలో ఇమిడిపోయాయి. లెక్కల టీచరు కదా.

థెరపిస్టుకి చెబితే మెచ్చుకోలేదు. అది సరైన నడక కాదన్నాడు. మంచివైపే బరువు వేస్తూ పోతే బలహీనమైన వైపు ఇంకా మరిచిపోతుందని. అతని మాటలో నిజముంది. వాడని అవయవం వాడుకలోంచి పోతుంది. 1940లలో లండన్‌లో బెర్టా బోబాత్ మొదలుపెట్టిన పద్ధతి కూడా అదే పట్టుదల మీద నిలబడింది: బాగున్న వైపుతో నెట్టుకు రావడం కాదు, దెబ్బతిన్న వైపుకి మళ్ళీ నేర్పాలి. ఇటువైపు నుంచి అమ్మ అడిగేది వేరు. సరైన నడక వచ్చేదాకా సముద్రం చూడకూడదా? నేను సైన్సు పత్రాలు కూడా కొన్ని చదివాను, సాహిత్యం చదివే అలవాటుతోనే. వాలు పెట్టిన ట్రెడ్‌మిల్ మీద పక్షవాతం వచ్చినవాళ్ళ అడుగు పొడవు, వేగం, మోకాలి కోణం కొలుస్తారు. అది పనికొచ్చే పనే. కానీ ట్రెడ్‌మిల్ ఎక్కడికీ వెళ్ళదు. ఎక్కడికి వెళ్ళాలనుకుని నడుస్తున్నారన్నది ఆ పట్టికల్లో ఒక గడి కాదు.

ఆస్ట్రా టేలర్ 2008లో తీసిన 'ఎగ్జామిన్డ్ లైఫ్' సినిమాలో ఆమె చెల్లెలు సునౌరా టేలర్ చక్రాల కుర్చీలో, జుడిత్ బట్లర్ నడుస్తూ, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో మాట్లాడుకుంటారు. తను చేసేదాన్ని సునౌరా నడకకి వెళ్ళడమనే అంటుంది. కాఫీ కప్పు కోసం ఇంకొకరి సాయం అడగడం కూడా రాజకీయమేనని వాళ్ళ మాటల్లో వస్తుంది. యూనివర్సిటీలో చూసినప్పుడు నేను నోట్సు రాసుకున్నాను. ఇప్పుడు చూస్తే నా కళ్ళు వాళ్ళ మాటల మీద లేవు, ఫుట్‌పాత్ అంచుల మీద ఉన్నాయి.

ఆ మార్చి తర్వాత మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు. వీధిలో అమ్మ వెళ్తుంది, నేను పల్లం వైపు రెండడుగుల దూరంలో నడుస్తాను. చివర కాలవ మీద బండరాయి ఊగే చోట ఆగి, తలతో సైగ చేస్తుంది. అప్పుడు బెల్టు పట్టుకుంటాను. ఒక్కోసారి సైగ చెయ్యదు. ఆ రోజులు నాకు కష్టం. ఆ సంగతి చెబుతాను కూడా. "నాకు భయంగా ఉందే అమ్మా" అంటే, "సరే" అంటుంది, ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు.

మిగిలింది అపార్ట్‌మెంటు ముందు వాలు. మన దేశపు ప్రమాణాల ప్రకారం ర్యాంపుకి అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి. మాది ఎత్తు రెండున్నర అడుగులు, పొడవు తొమ్మిది. అమ్మని అడిగితే కాగితం లేకుండానే "ముప్ఫై" అంది. అంత పొడవు తిప్పి కట్టాలంటే ఒక కారు నిలిపే చోటు పోతుంది. ఆ కారెవరిదన్న దగ్గర అసోసియేషన్ మీటింగు రెండుసార్లు ఆగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి చెప్పాను. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు కావాలని అన్నదనీ, ఆ తీర్పుకి ముందు పరిశీలించి నివేదిక ఇచ్చింది హైదరాబాదు నల్సార్ వాళ్ళేననీ చెప్పాను. "మీ అమ్మగారొక్కరి కోసమే కదండీ" అన్నారు సెక్రటరీగారు, మర్యాదగానే. ఆయన తల్లిగారికి ఎనభై రెండు. నాలుగో అంతస్తులో ఉంటారు. ఆవిణ్ణి మేమెవరం కింద చూసి రెండేళ్ళయింది.

వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు. ఈసారి తనూ వస్తానంది అమ్మ. సెల్లార్‌లో పెడతారట, ఆ వాలు దిగే వెళ్ళాలి.