కట్టినవాడి పూచీ

ఆగమ పద్ధతిలో గుడి కట్టినప్పుడు విగ్రహానికి శిల్పి చేసే చివరి పని కళ్లు తెరవడం. దాన్ని నయనోన్మీలనం అంటారు. స్థపతి బంగారు సూదితో కనురేఖ గీస్తాడు. తెరుచుకున్న ఆ కళ్లకు ముందుగా ఆవునూ దూడనూ, ధాన్యాన్నీ, నేతినీ, తేనెనూ చూపిస్తారు. తర్వాత యజమాని స్థపతికి బట్టలు పెట్టి, దక్షిణ ఇచ్చి, సత్కరించి సాగనంపుతాడు. శిల్పుల స్పర్శదోషం పోయేలా శుద్ధి జరిగాక గాని ఆచార్యుడు ప్రతిష్ఠకు పూనుకోడు. అన్నాళ్లు ఉలిపట్టి ఆ రాతిని మలచిన చెయ్యి ఇక ఆ విగ్రహాన్ని ముట్టుకోకూడదు.

ఈ నియమంలో కులభేదం పాలు లేదనడం నిజాయితీ కాదు. చెమటోడ్చినవాణ్ణి గడప బయట నిలబెట్టే ఆచారం ఎంత పాతదైనా నొప్పించేదే. అయితే అందులోనే వాస్తుశిల్పి ప్రతి ఒక్కరూ తేల్చుకోవలసిన ప్రశ్న కూడా ఉంది. కట్టినవాడికి కట్టడం మీద హక్కు ఎంతవరకు? పూచీ ఎంతవరకు? ఈ రెండూ ఒకే రోజున ముగుస్తాయా?

హక్కు సంగతిని మన కాలపు న్యాయస్థానం కూడా దాదాపు ఆగమం చెప్పినట్టే చెప్పింది. ఢిల్లీ ప్రగతి మైదానంలో రాజ్ రేవల్ రూపకల్పన చేసిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 1972 వాణిజ్య ప్రదర్శన కోసం కట్టారు. 2017 ఏప్రిల్‌లో దాన్ని కూల్చేశారు. తన సృష్టిని తిరిగి నిలబెట్టాలని ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. స్థలం యజమాని తన కట్టడాన్ని కూల్చుకుంటే రూపకర్త అడ్డుచెప్పలేడని 2019 మేలో కోర్టు తేల్చింది. దేశం గర్వించిన కట్టడానికే అలా జరిగితే, నెల్లూరులో మూడు సెంట్ల స్థలంలో లేచే ఇంటి మీద ఆర్కిటెక్టుకు మిగిలేది ఎంత?

నిజానికి ఇల్లు పూర్తయ్యేదాకా కూడా ఆ అధికారం నిలవడం లేదు. మయమతం వంటి శాస్త్రగ్రంథాలు కట్టడం పనిని నలుగురికి పంచాయి. మొత్తం బాధ్యత చూసేవాడు స్థపతి. కొలతతాడు పట్టేవాడు సూత్రగ్రాహి. చెక్కేవాడు తక్షకుడు. కూర్చి నిలబెట్టేవాడు వర్ధకి. ఈ నాలుగు పనులూ నేడు నాలుగు దిక్కులకు పోయాయి. గీతల పని కంప్యూటరుకు చేరింది, ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన క్షణంలో పది ప్లాన్లు గీసిస్తోంది. అనుమతి కోసం పెట్టిన డ్రాయింగును ఆంధ్రప్రదేశ్‌లో సాఫ్ట్‌వేరే తనిఖీ చేస్తోంది. గుమ్మం ఎక్కడ ఉండాలో వాస్తు సిద్ధాంతి చెబుతాడు. కాంక్రీటు మేస్త్రి చేతిలో ఉంటుంది. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ‘ఆర్కిటెక్ట్’ అనే పేరుకు మాత్రమే రక్షణ ఇస్తుందనీ, ఆ పని ఇతరులు చేయకుండా ఆపదనీ 2020 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే పేరు మిగిలింది, పని పంచుకుపోయారు.

నెల్లూరు తీరంలో ఈ మార్పు ఇంకాస్త కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రొయ్యల గుంటల మీద సంపాదించినవాళ్లు, గల్ఫ్‌కో అమెరికాకో పిల్లల్ని పంపినవాళ్లు పట్టణంలో ఇల్లు మొదలుపెడితే, ఆర్కిటెక్టు దగ్గరికి వచ్చేసరికే సగం ప్లాను సిద్ధాంతి గారి కలంతో గీసి ఉంటుంది. ఈశాన్యం పల్లంగా ఉండాలి, నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి, మెట్లు దక్షిణంలోనో పడమరలోనో రావాలి, వీధిపోటు తగలకూడదు. చదువుకున్న ఆర్కిటెక్టులు కొందరు దీన్ని మూఢనమ్మకమని విసుక్కుంటారు. కొందరు నోరు మెదపకుండా అలాగే గీసిచ్చి ఫీజు తీసుకుంటారు. రెండూ పొరపాటే.

ఎందుకంటే ఆ ఊరి భూమి వాస్తు మాటను చాలావరకు సమర్థిస్తుంది. నెల్లూరుకు ఉత్తరాన పెన్న పారుతోంది, తూర్పున బంగాళాఖాతం ఉంది. నేల వాలేది సముద్రం వైపే. ఇంటి నీళ్లు ఈశాన్యానికి పోవాలన్న మాట ఇక్కడ శ్రద్ధకూ సరిపోతుంది, మురుగునీటి లెక్కకూ సరిపోతుంది. కానీ నీరు వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది, ఏటి ఒడ్డు కాలనీల్లోకి నీళ్లు చొచ్చుకొచ్చాయి. ఈశాన్యాన్ని పల్లం చేయమన్న శాస్త్రాన్ని పాటించడంతో పని అయిపోదు. ఆ పల్లం వరదమట్టానికి ఎంత పైన ఉండాలో లెక్కకట్టడం మరో పని. ఆ లెక్క సిద్ధాంతి చెయ్యడు, అతని పని అది కాదు.

గాలి సంగతీ అంతే. వాయుదేవుడి స్థానం వాయవ్యమని శాస్త్రం. తుపాను గాలి ఒక మూలకు కట్టుబడదు. తుపాను తీరం దాటేటప్పుడు దాని కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో గాలి ఈశాన్యం నుంచి మొదలై తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి తిరుగుతుంది. దక్షిణాన ఉన్న ఊళ్లలో వాయవ్యం నుంచి పడమరకు, నైరుతికి మళ్లుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను గంటకు 200 కిలోమీటర్లు మించిన వేగంతో వీచింది. భారత ప్రమాణం నెల్లూరుకు నిర్ణయించిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. కావలి తుపాను ఆ అంకెను దాటేసింది. ప్రమాణం చెప్పేది కనీసమే అని గ్రహించడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ గాలిలో పైకప్పు కింద పడదు, పైకి లేస్తుంది. వాలు కప్పు మీదుగా పోయే గాలి దాన్ని పైకి పీలుస్తుంది. ఎదుటి తలుపో కిటికీయో ఊడితే లోపలికి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. రెండూ కలిస్తే రేకులు లేచిపోతాయి, పెంకులు చెల్లాచెదురవుతాయి. అందుకే రేకును దూలానికి, దూలాన్ని గోడపై కాంక్రీటు పట్టీకి, పట్టీని పునాదికి వరసగా బిగించాలి. ఈ గొలుసులో ఒక్క లింకు వదులైనా కప్పు నిలవదు. అనుమతి సాఫ్ట్‌వేరు ప్రధానంగా చూసేది చుట్టూ వదిలిన ఖాళీ, ఎత్తు, పార్కింగు, రోడ్డు వెడల్పు. బోల్టు బిగించారా లేదా అన్నది దానికి కనబడదు. మనిషి చూడాల్సిందే.

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంది. కర్మ చెయ్యడం వరకే నా వంతు, ఫలం దేవుడిదని గీత చెప్పింది కదా, గీసి ఇచ్చాక నాకేం సంబంధం అని. గీత మాన్పించింది ఫలం మీద ఆశను, పని మీద శ్రద్ధను కాదు. ఆర్కిటెక్టుకు ఫలమంటే పేరు, ఫీజు, పత్రికలో ఫొటో. ఇల్లు గాలికి నిలబడటం ఫలం కాదు, అది ఆ పనిలో భాగమే. దాన్ని వదిలేసినవాడు ఫలాన్ని త్యాగం చేసినట్టు కాదు, కర్మనే సగంలో విడిచినట్టు.

ఆగమంలోనే ఇందుకు మరో ఆధారం ఉంది. జీర్ణోద్ధరణ వేళ మూలమూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయానికి తరలించి, మరమ్మతులయ్యాక మళ్లీ ప్రతిష్ఠిస్తారు. పన్నెండేళ్లకోసారి జరిగే ఈ మహాసంప్రోక్షణ తిరుమలలో 2018 ఆగస్టులో జరిగింది. రాయి శాశ్వతమని మన సంప్రదాయం ఏనాడూ నమ్మలేదు. రాయి అరుగుతుందని ఒప్పుకుని, ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ వచ్చి చూడాలన్న ఏర్పాటు చేసింది.

ఆ చూపు ఎంత అవసరమో శ్రీకాళహస్తి చెబుతుంది. సువర్ణముఖి ఒడ్డున 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. పగుళ్లు పెరగడంతో చుట్టుపక్కల జనాన్ని ముందే ఖాళీ చేయించారు. కొత్త గోపురానికి 2017 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. 1516 నాటి స్థపతిని పిలిచి అడిగే వీలు లేదు. అతని హక్కు ఎప్పుడో ముగిసింది. పూచీ మాత్రం చేతులు మారుతూ, కాపాడుకోవలసిన తరానికి వచ్చి చేరింది.

ఇక ఇంటి ఆకృతిపై చివరి మాట ఎవరిదన్న ప్రశ్నకు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడి జవాబు చెబుతుంది. కాళంగి ఒడ్డున ఉన్న ఈ గుడికి తలుపులు వేయరు. అమ్మవారే వద్దన్నదని స్థానికుల నమ్మకం, పగలూ రాత్రీ గుడి తెరిచే ఉంటుంది. శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిరే ముందు శాస్త్రవేత్తలు వచ్చి మొక్కుకునేదీ ఇక్కడే. తలుపు ఉండాలా వద్దా అన్నది లోపల ఉండే అమ్మ ఇష్టం. గుమ్మం తూర్పుకా ఉత్తరానికా అన్నది కూడా ఆ ఇంట్లో నిద్రపోయేవాళ్ల ఇష్టమే, అక్కడ ఆర్కిటెక్టు తలవంచడంలో చిన్నతనం లేదు. గాలి దగ్గర, నీళ్ల దగ్గర మాత్రం అతను తలవంచకూడదు. సిద్ధాంతి చెప్పాడనో, సాఫ్ట్‌వేరు ఒప్పుకుందనో, మేస్త్రి అలవాటనో ఆ పూచీని పక్కకు నెట్టకూడదు. ఆ ఇంట్లో అద్దెకు దిగబోయే కుటుంబం, గోడ పక్కన గుడిసెలో ఉండే యానాది కుటుంబం, ఇంకా పుట్టని మనవలు ప్లాను గీసేటప్పుడు బల్ల ముందు కూర్చోరు. వాళ్ల తరఫున మాట్లాడాల్సింది అతనే.

కాబట్టి తడ నుంచి కావలి దాకా ఈ తీరాన ఇల్లు కట్టుకునేవాళ్లు ముహూర్తం పెట్టించుకునే ముందు తమ ఆర్కిటెక్టును మూడు సంగతులు అడగాలి: పునాది మట్టం 2021 వరద కన్నా ఎంత ఎత్తు, పైకప్పును గోడకు దేనితో బిగిస్తున్నారు, ఇల్లు పూర్తయ్యాక వచ్చే మొదటి తుపాను తర్వాత ఒకసారి వచ్చి చూస్తారా. జవాబు కాగితం మీద, సంతకంతో తీసుకోవాలి.