ఎగురు వీరుడును ఏటి వరదయు

2024వ సంవత్సరపు సంక్రాంతికి నెల్లూరిలో మా బంధువుల యింటికి బోయియుంటిని. ఆ యింటి చిన్నవాడు, ఎనిమిదేండ్ల బాలుడు, పండుగకు విడుదలయైన 'హను-మాన్' అను చలనచిత్రమును జూచి వచ్చి, అందలి వీరుడు బండ నెత్తిన విధమును మాకు అభినయించి చూపుచుండెను. ఉన్నట్లుండి ఆట మాని, తన అమ్మమ్మను ఇట్లడిగెను: "అమ్మమ్మా! మన యింట్లోకి పెన్న నీళ్లు వచ్చినప్పుడు ఆయన ఎందుకు రాలేదు?"

పెద్దవారందరు నవ్విరి. "అది సినిమా నాయనా" అని యామె వాని తల నిమిరెను. వాడు మాత్రము నవ్వలేదు.

వాని ప్రశ్న నవ్వదగినది కాదు. 2021వ సంవత్సరము నవంబరు మాసమున పెన్న పొంగినపుడు నెల్లూరి పల్లపు ప్రదేశములు నీట మునిగెను. పడుగుపాడు కడ రైలుకట్ట కోసుకొనిపోయెను. రహదారి తెగి రాకపోకలు నిలిచెను. ఆ రాత్రి వాడు తండ్రి భుజముపై నుండి నీటిని జూచినవాడు. వానికి కల్పన యెట్టిదో తెలియును. వరద యెట్టిదో కూడ తెలియును. రెండింటికిని గల సంబంధమేమని వాడడిగినాడు. దానికి మనము చెప్పదగిన యుత్తరమేమి?

ఈ విషయమున మనలో రెండు పక్షములు గలవు. అసంభవములను జూపు చిత్రములు బాలుర బుద్ధిని జెరచుననియు, లోకమున నున్నది యున్నట్లు చూపుటయే కళాధర్మమనియు నొక పక్షము. దినమెల్ల శ్రమించినవానికి మూడు గంటల మఱపు కావలదా, మన పురాణములలో ఎగురువారు లేరా యని రెండవ పక్షము. ఇరుపక్షములవారును సత్యము చిత్రములోని వస్తువునందున్నదని తలచుచున్నారు. అది వస్తువునందు గాక కార్యకారణ సంబంధమునందున్నదని నా మనవి.

1938వ సంవత్సరమును దలచుకొందము. ఆ యేట గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల' వెలువడి, అస్పృశ్యతను తెరమీద నిలిపి ప్రశ్నించెను. ఆ యేటనే అమెరికాలో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను నిద్దరు యువకులు 'సూపర్‌మ్యాన్' అను వీరుని బొమ్మలకథలలో బుట్టించిరి. ఒకటి వాస్తవము, రెండవది కేవల కల్పన. అయినను ఆ కల్పితవీరుడు తన తొలి కథలో జేసినదేమి? నిరపరాధురాలైన యొక స్త్రీకి మరణదండనము తప్పించెను. భార్యను గొట్టుచున్న వానిని శిక్షించెను. అనగా కల్పన వాస్తవమునకు శత్రువుగా బుట్టలేదు. దాని బాధనుండియే పుట్టినది.

మన పూర్వుల కల్పనలకును నొక నియమము గలదు. అసంభవము నొక్కదానిని అంగీకరింపుమందురు. పిమ్మట సర్వమును న్యాయముగనే నడచును. తాను ఎవని తలపై చేయి పెట్టిన వాడు బూడిద కావలెనని వరము గోరిన భస్మాసురుని చేయి తుదకు వాని తలమీదనే పడినది. ఆంజనేయుడు తన బలమును తాను మఱచియుండెను. జాంబవంతుడు జ్ఞాపకము చేయగా, పరుల కార్యమునకై సముద్రమును దాటెను. ఆ బాలుడు చూచిన చిత్రమునందును ఈ నియమము కొంత కలదు. అందలి ప్రతినాయకుడు బాల్యమున వీరుడు కాగోరి, కథలలోని వీరులకు తల్లిదండ్రులుండరని తలచి, తన తల్లిదండ్రులనే చంపును. శక్తిని గోరి దాని ప్రయోజనమును మఱచువాడు రాక్షసుడగునను సత్యము, ఎగురుటలు దుముకుటల నడుమ నిలిచియే యున్నది.

ఇక వాస్తవమను పేరు పెట్టుకొని వచ్చు కొన్ని చిత్రములను జూడుడు. మణి లేదు, వరము లేదు. మన యూరివంటి యూరు, మన వీధివంటి వీధి. అందు నొక యువకుడు ఏబదిమందిని గొట్టును, వానికి చొక్కా నలగదు. వలదన్న కన్యను వెంటబడి వేధించును, తుదకామె వానినే వరించును. మనుష్యుడు ఎగురలేడని యెనిమిదేండ్ల పిల్లవానికి దెలియును. వలదన్నమాటకు వలదనియే యర్థమని పదునెనిమిదేండ్ల వానికి ఎవరు చెప్పుదురు? ముసుగు వేసికొన్న కల్పనకంటె, వాస్తవపు వేషము వేసికొన్న యబద్ధమే గృహములకు ఎక్కువ కీడు చేయును.

అయినను బాలుని ప్రశ్న యట్లే నిలిచియున్నది. ఉత్తమమైన కల్పనయందును నొక లోపము గలదు: ఊరంతయు చేతులు కట్టుకొని చూచుచుండును, ఒక్కడు వచ్చి యుద్ధరించును. ఎవడో వచ్చునని యెదురుచూచుట యలవాటైన జాతికి పని చేయుట మఱపునకు వచ్చును. మఱియు గాయపడనివానికి ధైర్యముతో బనియేమి? మునుగనివాడు నీటిలో దుముకుట సాహసము కాదు. ఆ వరదలోనే, బుచ్చిరెడ్డిపాళెమునకు సమీపమున దామరమడుగు కడ, జనులను రక్షింపబోయిన విపత్తు రక్షకదళపు కానిస్టేబులు ఒకడు ప్రవాహమున బడి ప్రాణములు గోల్పోయెను. అతని కడ మణి లేదు. తాను మునుగగలనని యెఱిగియే అతడు నీట దిగెను. ఏ తెరమీది వీరునికిని లేని గుణమిది.

కావున బాలురను ఇట్టి చిత్రములకు పోనీయకుండుట నా మతము కాదు. చూచి వచ్చినపిదప తల్లులును తండ్రులును వారిని మూడు మాటలడుగుదురు గాక: ఆ శక్తిని వీరుడెవరికై వినియోగించెను? దానికై యతడేమి కోల్పోయెను? అంతవఱకు ఆ యూరివారేమి చేయుచుండిరి? ఈ మూడింటికి సమాధానము దొరకిన చిత్రము ఎంత యసంభవమైనను మేలే చేయును. దొరకనిది ఎంత వాస్తవముగ దోచినను కీడే చేయును.

ఆ సాయంకాలము నేను బాలుని బిలిచి నా ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిని. "వచ్చినారు నాయనా. ఎగిరి రాలేదు, పడవలో వచ్చినారు. వారిలో ఒకాయన తిరిగి ఇంటికి పోలేదు" అంటిని. వాడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆయనకు ఈత వచ్చా?" అని యడిగెను. మఱునాడు తనకు ఈత నేర్పుమని తండ్రిని వేడుచుండగా వింటిని.