పిడుగు మీదికి నెట్టిన పాపం

బంగాళాఖాతంలో తుపాను పుట్టిందంటే వాతావరణ శాఖ బులెటిన్లలో శ్రీకాకుళం తీరంలోని కళింగపట్నం పేరు తరచూ వినబడుతుంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను ఈ ఊరికి దగ్గర్లోనే తీరం దాటింది. వంశధార సముద్రంలో కలిసే ఈ చోట పెద్దవాళ్లు దాన్ని దైవఘటన అంటే ఎవరూ వాదనకు దిగరు. గాలిని ఆపే మొనగాడెవడు?

2014 జూన్ 28 సాయంత్రం చెన్నై శివారు మౌలివాక్కంలో జరిగినదానికి కూడా అదే మాట చెల్లుతుందా? వాన కురుస్తుండగా, ఇంకా కడుతున్న పదకొండంతస్తుల కాంక్రీటు భవనం నిలువునా కూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లిన కూలీలు. కూలింది జంట టవర్లలో ఒకటి. వాటికి పెట్టిన పేర్లు ఫెయిత్, బిలీఫ్. నిర్మాణదారుల వైపు నుంచి మొదట వినిపించిన సంజాయిషీ, పిడుగు పడిందని! మాజీ న్యాయమూర్తి రఘుపతి కమిషన్ విచారణలో బయటపడింది మాత్రం డిజైన్ లోపాలు, అంత బరువు మోయలేని స్తంభాలు. రెండేళ్ల తర్వాత, 2016 డిసెంబరులో హైదరాబాద్ నానక్‌రాంగూడలో ఏడంతస్తుల భవనం కూలినప్పుడూ మృతుల్లో విజయనగరం జిల్లా కూలీలున్నారు.

"వాళ్ల రాత అలా ఉంది" అనడం మనకు అలవాటు. ఓదార్పుగా అంటే తప్పు పట్టలేం. తీర్పుగా అంటే మాత్రం శాస్త్రమే ఒప్పుకోదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పని జరగడానికైనా అయిదు కారణాలు చెబుతుంది: ఆశ్రయం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, దైవం. దైవం వంతు అయిదోది. మౌలివాక్కంలో మొదటి నాలుగూ లెక్కలోకి రాకముందే అయిదోదాన్ని బోనెక్కించారు. కళింగపట్నం దగ్గరి శాలిహుండం కొండ మీద ఇటుక స్తూపాలు కట్టుకున్న బౌద్ధులదీ కారణం లేనిదే కార్యం లేదన్న మాటే.

మరి దోషం కాంక్రీటుదా? స్టీలుతో కడితే నిలిచేదా? స్టీలుకు సాగే గుణం ఉంది, తెగే ముందు వంగుతుంది. కానీ మంటల్లో ఆరువందల డిగ్రీల వేడికి దాని బలం సగానికి పడిపోతుంది. 2005 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లోని విండ్సర్ టవర్ తగలబడినప్పుడు పై అంతస్తుల స్టీలు స్తంభాలు కూలిపోయాయి, నడుమనున్న కాంక్రీటు నిర్మాణం నిలబడింది. ఇది చూసి కాంక్రీటుకు జై కొట్టేవాళ్లు ఒక సంగతి మరచిపోతారు. అక్కడ స్టీలుకు అగ్నిరక్షణ పూత కింది నుంచి పైకి వేసుకుంటూ వస్తున్నారు. పూత ఇంకా పడని పై భాగమే కూలింది.

కాంక్రీటు కథ సముద్రపు ఒడ్డున ఇంకోలా ఉంటుంది. తీరప్రాంతపు పాత ఇళ్లలో స్లాబు కింద ఎర్రటి చారలు కనిపిస్తాయి. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి లోపలి చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును తోస్తుంది, పెచ్చులు రాలతాయి. అందుకే ఐఎస్ 456 ప్రమాణం ఇలాంటి తీరంలో కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల మందం ఉండాలంటుంది. ఆ మందం నిలిచేది రాడ్ల కింద పెట్టే కవర్ బ్లాకుల వల్ల. అగ్గిపెట్టెంత సిమెంటు ముక్క! తొందరలో దాని బదులు కంకరరాయి దూర్చేస్తే స్లాబు పోసిన రోజు ఎవరికీ తెలియదు.

ఆ ప్రమాణం వెనక ఒక నీతి కూడా ఉంది. దూలంలో ముందు ఇనుము సాగాలి, కాంక్రీటు నలిగేది ఆ తర్వాతే. అంటే పగుళ్లిచ్చి, కిందనున్నవాళ్లు పారిపోయే వ్యవధి ఇచ్చాకే అది పడాలి. బరువుకు చాలని స్తంభం ఆ దయ చూపదు, ఒక్కసారిగా నలిగిపోతుంది.

శంకుస్థాపన, దిష్టి గుమ్మడికాయ, వాస్తు పట్ల ఎవరికీ అభ్యంతరం అక్కర్లేదు. కానీ అవి డిజైన్ లోపాన్ని సరిదిద్దలేవు. మౌలివాక్కంలో మిగిలిన రెండో టవర్‌ను 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలతో కొన్ని సెకన్లలో నేలమట్టం చేశారు. అందుకే ఫ్లాటు కొనేవాళ్లు గృహప్రవేశానికి ముహూర్తం అడిగేముందు బిల్డర్‌ను మట్టి పరీక్ష నివేదిక, స్ట్రక్చరల్ డ్రాయింగులు, కాంక్రీటు బలం చూపే 28 రోజుల క్యూబ్ పరీక్ష ఫలితాలు అడగండి. ఇవ్వకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.