సిగ్నల్ ఇచ్చేదాకా

దక్షిణం నుంచి హౌరా వచ్చే రైలు ఎంత దూసుకొచ్చినా టికియాపారా దగ్గర ఆగి తీరుతుందన్నది ఖరగ్‌పూర్ వైపు వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి. చెన్నై మెయిలైనా, ఫలక్‌నుమా అయినా, మా లోకలైనా ఒకటే వరస. దాస్‌నగర్ దాటాక ఊపు తగ్గుతుంది, కార్‌షెడ్డు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా నిలబడిపోతుంది. హౌరా పట్టుమని రెండు కిలోమీటర్లుండదు. కానీ అక్కడ ప్లాట్‌ఫారం ఖాళీ అవ్వాలి, సిగ్నల్ పడాలి. తొందరున్న వాళ్లు కంకర మీదకి దూకి పట్టాల పక్కనే నడక మొదలెడతారు. అలవాటు పడ్డవాళ్లు కళ్లు మూసుకుంటారు. కొత్తవాళ్లు మాత్రం సంచులు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేసిందా వచ్చేసిందా అని పక్కవాళ్లని అడుగుతుంటారు.

ఈ మూడు రకాల్లోనూ చేరని నాలుగో రకం ఒకటుంది. డిసెంబరు వచ్చిందంటే కలకత్తా ఇరవై అయిదు కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చి, తెల్లవారుజామునే లోకలెక్కి మైదానానికి పోయే మాలాంటి వాళ్లం. చేతికి గుండెవేగం చూపించే గడియారం ఉంటుంది. అది టికియాపారాలో కదలకుండా కూర్చున్న మనిషికి పరుగు మొదలైనంత అంకె చూపిస్తుంది. ఒంటిని అన్నేళ్లు సాధన చేయించి, ఒక ఎర్ర దీపం ముందు ఇంత అశాంతి పడడమేమిటన్నది నాకెప్పుడూ తెమలని ప్రశ్న.

ఈ లైను మీదే చదువుకున్న ఒకాయన జీవితంతో పోల్చి చూస్తే దానికి కొంత జవాబు దొరుకుతుంది. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగం కుర్రాడు మల్లి మస్తాన్ బాబు ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, తర్వాత కలకత్తా ఐఐఎంలో మేనేజిమెంటు చదివారు. కొండల మీద మనసు పడింది అంతకు ముందే, కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఆ స్కూల్లోనే చదివిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయన విగ్రహం చూస్తూ పెరిగిన పిల్లల్లో మస్తాన్ బాబు ఒకరు.

2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలూ ఆయన 172 రోజుల్లో ఎక్కారు. జనవరి 19న విన్సన్, జులై 10న డెనాలి. వింతేమిటంటే ఏడు శిఖరాలూ వారంలో ఏడు వేర్వేరు రోజుల్లో పడ్డాయి, గురువారం మొదలై సోమవారంతో ముగిసింది. అందరూ మురిసిపోయేది ఈ లెక్కకే. నాకు మాత్రం వేళ్లు మడిచి కూడుకోవలసిన లెక్క ఇంకోటి కనిపిస్తుంది. ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కొషియుస్కో ఎక్కారు. అది 2,228 మీటర్లు, దాదాపు వాహ్యాళి. మే 21న ఎవరెస్టు. మధ్యలో యాభై రోజులు. ఒక శిఖరానికీ ఇంకోదానికీ మధ్య అంత ఎడం మరెక్కడా లేదు. ఎవరెస్టు ఎక్కేవాళ్లు ఎవరైనా ఆ రోజుల్లో చేసేది ఎక్కడం కన్నా ఆగడమే ఎక్కువ. గాలి పలచబడిన చోట నెత్తురు అలవాటు పడాలి గనక పైకి పోయి కిందకి దిగి పడుకుంటారు, మళ్లీ పోతారు, మళ్లీ దిగుతారు. తర్వాత డేరాలో కూర్చుని ఆకాశం అనుమతించే నాలుగు రోజుల కోసం చూస్తారు. పత్రికల్లో ఏడు తేదీలు వచ్చాయి. ఆ మనిషిని తయారు చేసింది ఏ తేదీకీ ఎక్కని ఆ డేరా మధ్యాహ్నాలేనని నా నమ్మకం. బలం కండకి పట్టడానికి కొన్ని నెలలు చాలు. ఏ కబురూ రాని చోట తనతో తాను గొడవ పడకుండా కూర్చోవడం పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది.

ఇంతదాకా రాసి ఇక్కడే ఆపేస్తే బాగుండేది. కానీ టికియాపారాలో దిగి బెలిలియస్ రోడ్డులోకి నడిస్తే ఈ సిద్ధాంతం నిలబడదు.

అది లేతుమిషన్ల వీధి, ఇనుము వీధి. ఈ హౌరా ఫౌండ్రీల్లో పోతపోసిన మ్యాన్‌హోల్ మూతలు న్యూయార్క్ వీధుల్లో పరుచుకుని ఉన్నాయి. ఒక ఠేలా బండి మీద ఇనుప చువ్వలు, వెనక బారెడు బయటికి వేలాడుతూ, కొసలకి ఎర్ర గుడ్డపేలిక. ముందు ఒకడు, వెనక ఇద్దరు. ముందువాడి భుజం మీద నాలుగు మడతల గోనెపట్టా, కాళ్లకి హవాయి చెప్పులు. సందులోంచి ఒక టోటో రిక్షా అడ్డం వచ్చింది. బరువు బండిని కదిలించడం కన్నా ఆపడం కష్టమని అప్పుడు చూశాను. అతను మడమలు నేలకి తన్ని ఒళ్లంతా వెనక్కి వాల్చాడు. చెప్పు తెగినంత పని అయింది. చువ్వలు ఒకదాని మీద ఒకటి జరిగి గల్లుమన్నాయి. బండి జానెడు దూరంలో ఆగింది. టోటోవాడు తిరిగి చూడలేదు. ఇతను తిట్టనూ లేదు. గోనె సర్దుకున్నాడు, వెనకవాళ్లకి ఒక కేక వేశాడు, ముగ్గురూ కలిసి మళ్లీ తోశారు. అది వాళ్లకి రోజూ ఉండేదే, పైగా ఎండలో. కష్టమూ ఆగడమూ కలిస్తే మనిషి ఎదుగుతాడన్నది నిజమే అయితే ఈ వీధి పొడుగునా మహర్షులుండాలి. ఉన్నారేమో కూడా. వాళ్లనెవరూ అడగలేదు, అంతే.

ఎవరూ అడగనివాళ్ల మాట వస్తే ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తారు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీ వెళ్లి, గయ, కలకత్తా చూసుకుని, పూరీ మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆయన కాశీయాత్ర చరిత్ర మన భాషలో యాత్రా రచనలకి పెద్దదిక్కు. పైనున్న ఆకాశం నుంచి బజారులో బియ్యం దాకా దేన్నీ విడవకుండా చూసిన మనిషి. అయితే ఆయన పల్లకీలో వెళ్లారు. అడుగులు బోయీలవి, ఆలోచనలు ఆయనవి. ఇది ఆయన్ని తప్పుపట్టడానికి అనడం లేదు. ఆ కాలంలో ఆ హోదా మనిషి ప్రయాణం అలాగే ఉండేది. పైగా వెంట వచ్చినవాళ్ల బాగోగులు పట్టించుకున్నారు. కానీ ఏడాది దాటి దేశం మోసిన ఆ భుజాలు ఏమనుకున్నాయో మనకి ఒక్క పేజీ కూడా మిగల్లేదు.

కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుంటాను. కష్టం దానంతట అది లోచూపు ఇవ్వదు. కావాలంటే మానెయ్యవచ్చునన్న వీలు వెనక ఉండి, అయినా మానకుండా పడ్డ కష్టంలోనే మనిషికి తనని తాను చూసుకునే తీరిక దొరుకుతుంది. ఠేలావాడికి ఆ వీలు లేదు. మాకుంది. మస్తాన్ బాబుకీ ఉండేది, ఐఐఎం చదువు చేతిలో ఉన్న మనిషికి ఎన్ని దారులుంటాయి! 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులో త్రెస్ క్రూసెస్ సుర్ శిఖరం వైపు ఆయన ఒంటరిగా వెళ్లారు. ఏప్రిల్ 3న దేహం దొరికింది. నలభై ఒకటో ఏడు నిండని ఆ చావులోంచి నీతి పిండడం నాకు చేతకాదు, ఇష్టమూ లేదు. ఆగడం అంత బాగా తెలిసిన మనిషి కూడా పోయాడు, కొండ అలాంటిది.

పోయిన నెల ఈ పరుగు గోల మా పెదమావయ్యకి చెప్పాను. శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వేలో గ్యాంగ్‌మేన్‌గా చేరి, కీమేన్‌గా రిటైరైన మనిషి. సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని, ఎర్ర జెండా పచ్చ జెండా చంకన పెట్టుకుని ఆయన పట్టాల మీద నడిచిన నడక పోగేస్తే నా పరుగులన్నీ అందులో ఒక మూలకి చాలవు.

"ఎక్కడి నుంచి ఎక్కడికిరా పరుగు?"

"రెడ్ రోడ్డు నుంచి రెడ్ రోడ్డుకే మావయ్యా."

"మరైతే అక్కడే ఉండిపోవచ్చు కదేటి?"

నవ్వాను. ఆయన నవ్వలేదు, నిజంగానే అడిగారు. డబ్బు కట్టాలా అన్నారు, కట్టాలన్నాను. మరి వాళ్లేటిస్తారు అన్నారు. పరుగు పూర్తి చేస్తే మెడల్ ఇస్తారన్నాను.

"బూట్లివ్వరా?"

"ఇవ్వరు. బూట్లు మనమే కొనుక్కోవాలి."

"అదేటిరా," అన్నారు, ఈసారి కొంచెం కోపంగానే. "మమ్మల్ని నడిపించినోళ్లు బూట్లిచ్చేవోళ్లు కదరా."