నాదతరంగము – భక్తహృదయము

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో గోదావరీ ప్రాణహితల సంగమస్థానమున కాళేశ్వర క్షేత్రము వెలసియున్నది. అంతర్వాహినియగు సరస్వతి కూడ అచ్చట కలియునని పెద్దల విశ్వాసము. ఒకే పానవట్టముపై కాళేశ్వరుడును ముక్తేశ్వరుడును రెండు లింగములుగా పూజలందుకొనుచున్నారు. ఆ సన్నిధిలో భక్తుడు గంట మ్రోగించును. అది స్వామిని మేల్కొల్పుటకు కాదు, స్వామికి నిద్ర లేదు. మేల్కొనవలసినది మనస్సు. తాకబడినది కంచు, కదలినది మనస్సు. ఈ రెండింటి నడుమ జరిగినదేమి?

నాలుక తగిలిన గంట సెకనుకు వందలసార్లు కంపించును. ఆ కంపనము ప్రక్కనున్న గాలిని నెట్టును. ఆ గాలి తన పొరుగు గాలిని నెట్టును. ఇట్లు ఒకదానినుండి మరొకదానికి అందుచు నాదము సెకనుకు సుమారు 343 మీటర్ల వేగముతో సాగిపోవును. గంటకడనున్న గాలి మాత్రము భక్తుని చెవివరకు ప్రయాణము చేయదు. అది తన చోటనే ముందువెనుకలకు ఊగి నిలుచును. చెవిని చేరునది శక్తి.

ఈ విషయము కంటికి కనబడవలెనన్న అదే జిల్లాలోని గణపురమునకు పోవలెను. కాకతీయుల నాటి గణపసముద్రము చెరువు అచ్చట గలదు. గాలి లేని వేళ ఆ నీటిలో రాయి వేసినచో అలలు వలయములై ఒడ్డుదాక వచ్చును. నడుమ తేలుచున్న ఆకు మాత్రము వాటివెంట రాదు, ఉన్నచోటనే లేచి పడును. నీరు నిలిచినది, శక్తి నడచినది. ఇదియే తరంగధర్మము.

గురుపరంపర యొక్క మర్మమును ఈ ధర్మము తెలుపుచున్నది. బోధించినవారు దేహము విడిచి శతాబ్దములైనను వారి బోధ ఒక హృదయమునుండి మరొక హృదయమునకు అందుచునే యున్నది. శిష్యుడు గురువు స్థానమునకు పోలేదు, గురువు శిష్యుని యింటికి రాలేదు. మధ్యనున్న ప్రతివాడును తాను అందుకొన్నదానిని ముందువానికి అందించినాడు. అందుకొని దాచుకొన్నవానితో ఆ తరంగము ఆగిపోవును.

అయిన ఒకే ప్రవచనమును నూరుగురు విన్నను అందరి హృదయములును ఏల కరగవు? ఒకే శ్రుతిలో నున్న రెండు తంబురాలను దగ్గరగా ఉంచి, ఒకదాని తంత్రిని మీటినచో తాకకుండగనే రెండవదాని తంత్రియు కదలును. శ్రుతి తప్పిన తంత్రి కదలదు. నాదము రెండింటిని సమముగనే తాకినది, భేదము అందుకొనుదానిలో గలదు. నామజపము, సత్సంగము, నియమము హృదయతంత్రిని శ్రుతి చేయు సాధనములు. మంత్రధ్వనిని యంత్రముతో కొలిచినచో గాలిలోని ఒత్తిడి హెచ్చుతగ్గులు మాత్రమే తెలియును, భక్తి కనబడదు. కనుక శబ్దమును పెంచినంతనే భక్తి పెరుగునని తలంచి మైకులతో ఊరి చెవులు గింగురుమనునట్లు చేయుట ఆరాధన కాజాలదు.

తరంగము మేలును మోయును, కీడును మోయును. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు ప్రాంతము కేంద్రముగా 5.3 తీవ్రతతో భూమి కంపించినది. భూగర్భమున శిల కదలినది ఒకచోట. ఆ శిల ఎవరి యింటికిని రాలేదు. ఐనను దాని శక్తి తరంగములై భూపాలపల్లి, వరంగల్లులను దాటి హైదరాబాదువరకు తెలియవచ్చినది. కోపమున పలికిన మాట గతియు ఇంతే. పలికినవాడు పలికి మరచును. ఆ మాట భార్యనుండి బిడ్డకు, బిడ్డనుండి తోడివానికి పాకిపోవును. కంపనపు విస్తారము రెట్టింపైనచో తరంగము మోయు శక్తి నాలుగు రెట్లగునని శాస్త్రము చెప్పుచున్నది. గొంతు ఒకింత హెచ్చించినవాడు దీనిని తలంచుకొనవలెను.

దీనికి ప్రతిక్రియ యేది? ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయమును 1213లో గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెను. 2021లో అది ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. ఆనాటి స్థపతులు పునాది గోతిని ఇసుకతో నింపి, దానిపై ఆలయమును నిలిపిరి. భూమి అదరినప్పుడు ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి రాసుకొనుచు ఆ శక్తిలో కొంత హరించునని నిపుణులు చెప్పుదురు. ఆ ఇసుక అదురును ఎదిరించి పోరాడదు. తాను కొంత నలిగి, పైనున్న దేవుని గుడిని కాపాడును.

సంసారములో క్షమ అట్టి ఇసుక. అత్తమాట కోడలియందును, యజమాని మాట సేవకునియందును ఆగవలెనని దీని భావము కాదు. బలహీనుని నోరు మూయించుట క్షమ యనిపించుకొనదు. బలము గలవాడు, పెద్దవాడు, బదులు పలుక సమర్థుడు తనయందు కోపతరంగమును అణచుకొనుట క్షమ. ఇంటిలో అట్టివాడొక్కడున్నను దెబ్బ వాని వద్దనే ఆగును, పసివారి వరకు పోదు.

కావున భక్తుడు మేలుమాట వచ్చినప్పుడు తంత్రివలె పలుకవలెను, కీడుమాట వచ్చినప్పుడు ఇసుకవలె ఇముడ్చుకొనవలెను. ఏ మాటను ముందుకు పంపవలెనో, దేనిని తనయందే నిలుపవలెనో ఎరుగు వివేకమును కాళేశ్వర ముక్తేశ్వరులు ఎల్లరకును ప్రసాదింతురు గాక.